బిడ్డల బేరం: నేరం నుంచి తీర్పు దాకా

పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలను సొమ్ము చేసుకోవడం కోసం కొనడం, అమ్మడం, ఒకచోటి నుంచి మరోచోటికి చేర్చడం, దాచి ఉంచడం, ఇంకొకరి చేతికి అప్పగించడం బాలల అక్రమ రవాణా. ‘రవాణా’ అన్న మాట వినగానే లారీలు, రైళ్లు, దేశాల సరిహద్దులు తలపుకొస్తాయి గాని చట్టం దూరాన్ని లెక్కించదు. నల్లగొండ జిల్లా నకిరేకల్ మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద బస్సెక్కించి హైదరాబాద్ తీసుకుపోయినా, తండా నుంచి పక్క ఊరి ఇటుక బట్టీకి నడిపించుకుపోయినా, బిడ్డను దోచుకునే ఉద్దేశం ఉంటే నేరం ఒక్కటే.

ఈ నేరం చేసేది ఎక్కువగా ముఖం తెలియని దొంగ కాదు. దూరపు చుట్టం, కూలీలను కూడగట్టే మేస్త్రీ, పట్నంలో పని ఇప్పిస్తానన్న ఆడమనిషి, కట్నం లేకుండా పెళ్లి చేసుకుంటానన్న మగమనిషి. అందుకే న్యాయస్థానంలో నిందితుల వాదనలు దాదాపు ఎప్పుడూ మూడే: పిల్ల ఇష్టపడే వచ్చింది, పిల్ల మైనరు కాదు, తల్లిదండ్రులే డబ్బు తీసుకుని పంపారు. చట్టం ఈ మూడింటికీ సమాధానం సిద్ధం చేసి పెట్టుకుంది. ఆ సమాధానాలను సాక్ష్యాలతో నిలబెట్టగలిగిన కేసులోనే శిక్ష పడుతుంది.

నల్లగొండ, పాలమూరు అనుభవం

దక్షిణ తెలంగాణ మెట్ట నేలలో ఈ బేరానికి మూడు రూపాలు కనిపించాయి. మొదటిది పసికందుల అమ్మకం. 1999–2001 మధ్య దేవరకొండ ప్రాంతపు లంబాడా తండాల నుంచి దళారులు ఆడశిశువులను కొద్దిపాటి సొమ్ముకు కొని, దత్తత పేరుతో హైదరాబాద్‌లోని సంస్థలకు చేర్చిన వ్యవహారం బయటపడింది. విదేశీ దంపతులకు దత్తత ఇవ్వడంలో చేతులు మారే పెద్ద మొత్తాలే ఆ బేరానికి ఊపిరి. పేదరికం వల్లనో, ఆడపిల్ల అన్న కారణంతోనో బిడ్డను దత్తత సంస్థకు వదిలేయడాన్ని 2001లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది. దళారులను శిక్షించడం మాత్రం కష్టమైంది. నాటి శిక్షాస్మృతిలోని 370వ సెక్షన్ మనిషిని బానిసగా కొనడం, అమ్మడం గురించే మాట్లాడేది. వ్యభిచారం కోసం మైనర్లను అమ్మడం వేరే సెక్షన్ల కింద నేరం. దత్తత కోసం శిశువును అమ్మడం ఈ రెంటిలోనూ ఇమడలేదు.

రెండోది లైంగిక దోపిడీ. 2018 జూలై చివర రాచకొండ పోలీసులు యాదగిరిగుట్టలో వ్యభిచార గృహాలపై దాడి చేసి 11 మంది బాలికలను కాపాడారు. వారిలో ఏడేళ్లు నిండని పసివారూ ఉన్నారు. పిల్లలు త్వరగా పెద్దవారిలా కనిపించడానికి హార్మోన్ ఇంజక్షన్లు ఇప్పించారని పోలీసులు ఆరోపించారు. ఒక వైద్యుడు కూడా అరెస్టయ్యాడు. యాదగిరిగుట్ట 2016లో జిల్లాల విభజన జరిగేదాకా నల్లగొండ జిల్లాలోనిదే.

మూడోది వెట్టి. పాలమూరు కూలీలు దేశమంతటా ఆనకట్టలు కట్టారు. వారిని కూడగట్టిన గుంపు మేస్త్రీల పద్ధతికి ఆధారం ముందుగా చేతిలో పెట్టే అడ్వాన్సు. ఆ అప్పు తీరేదాకా కుటుంబం కదలకూడదు. తల్లిదండ్రులతో పాటు పిల్లలూ బడి మాని పనిలో దిగుతారు. గద్వాల ప్రాంతపు విత్తన పత్తి చేలలో పువ్వులకు క్రాసింగ్ చేసే పనికి ఆడపిల్లలను అడ్వాన్సు ఇచ్చి కుదుర్చుకున్నారు. ఒడిశా నుంచి తెలంగాణ ఇటుక బట్టీలకు, బిహార్ నుంచి హైదరాబాద్ పాతబస్తీ గాజుల తయారీ ఇళ్లకు వచ్చిన పిల్లల కథ కూడా ఇదే. ఏటా జనవరిలో ‘ఆపరేషన్ స్మైల్’, జూలైలో ‘ఆపరేషన్ ముస్కాన్’ పేరిట జరిగే తనిఖీల్లో ఇలాంటి పిల్లలు బయటపడుతున్నారు.

జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో నమోదైన 2,250 మానవ అక్రమ రవాణా కేసుల్లో 391 తెలంగాణవే. మరే రాష్ట్రంలోనూ అన్ని కేసులు లేవు. ఈ అంకె నేరం విస్తృతిని చెబుతుంది. పోలీసులు ఇలాంటి కేసులను దాచకుండా నమోదు చేశారన్న సంగతీ అందులో ఉంది.

ఏ చట్టం, ఎంత శిక్ష

రాజ్యాంగం 23వ అధికరణం మనుషుల క్రయవిక్రయాన్నీ వెట్టినీ నిషేధిస్తుంది. 24వ అధికరణం పద్నాలుగేళ్లలోపు పిల్లలను కర్మాగారాల్లో, గనుల్లో, ప్రమాదకరమైన పనుల్లో పెట్టరాదంటుంది. ఈ మాటలకు పదునైన శిక్ష 2013లో వచ్చింది. ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత జస్టిస్ వర్మ కమిటీ సిఫారసులతో పార్లమెంటు పాత 370వ సెక్షన్ తీసేసి కొత్తది రాసింది. 2024 జూలై 1 నుంచి అదే నిబంధన భారతీయ న్యాయ సంహితలో 143వ సెక్షన్ అయింది. బిచ్చమెత్తించడం కూడా దోపిడీయేనని అక్కడ కొత్తగా చేర్చారు. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు పాత సెక్షన్లే వర్తిస్తాయి. నేరం జరిగిన నాటి చట్టం చెప్పినదానికంటే ఎక్కువ శిక్ష వేయకూడదన్నది రాజ్యాంగ నియమం.

143వ సెక్షన్ కింద వయోజనుడిని తరలిస్తే ఏడు నుంచి పదేళ్ల కఠిన కారాగారం. మైనరును తరలిస్తే కనీసం పదేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. ఒకరికి మించి మైనర్లుంటే కనీస శిక్ష పద్నాలుగేళ్లు. మైనర్లను తరలించిన నేరం ఒకటికి మించిన సార్లు రుజువైతే, లేదా తరలింపులో పోలీసో మరో ప్రభుత్వోద్యోగో పాలుపంచుకుంటే శిక్ష బతికినంతకాలం జైలు. తరలించి తెచ్చిన బిడ్డ అని తెలిసీ లైంగికంగా వాడుకునేవారికి 144వ సెక్షన్ ఐదు నుంచి పదేళ్లు విధిస్తుంది. బిచ్చమెత్తించడం కోసం పిల్లలను ఎత్తుకుపోతే 139వ సెక్షన్ కింద కనీసం పదేళ్లు, అందుకోసం వారిని అవిటివాళ్లను చేస్తే కనీసం ఇరవై ఏళ్లు.

దీనితో పాటు మరికొన్ని చట్టాలు కలిసి నడుస్తాయి. 1956 నాటి వ్యభిచార నిరోధక చట్టాన్ని పోలీసు స్టేషన్లలో, పత్రికల్లో ‘పిటా’ అంటారు. పదహారేళ్లలోపు బిడ్డను ఆ కూపంలోకి దించితే దాని కింద ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా పడుతుంది. వ్యభిచార గృహంలో ఎవరితోనైనా ఒక బిడ్డ కనబడితే, ఆ మనిషే బిడ్డను అక్కడ నిర్బంధించాడని కోర్టు ముందుగా అనుకుంటుంది. కాదని చూపించుకోవలసిన బాధ్యత అతనిదే. పిల్లలు దొరికిన ఇంటిని మూయించి, మూడేళ్లపాటు మేజిస్ట్రేటు అనుమతి లేకుండా అద్దెకివ్వకుండా కట్టడి చేయవచ్చు.

లైంగిక నేరం జరిగితే 2012 నాటి పోక్సో చట్టం వస్తుంది. 2019 సవరణ తర్వాత పదహారేళ్లలోపు బిడ్డపై అత్యాచారానికి కనీస శిక్ష ఇరవై ఏళ్లు. అలాంటి నేరం కోసం బెదిరించో, మోసగించో, ఆశపెట్టో బిడ్డను దాచినా, చేరవేసినా దాన్ని ఆ నేరానికి ప్రేరణగా పోక్సో పరిగణిస్తుంది. బాధిత బిడ్డ దళితుల లేదా గిరిజనుల బిడ్డ అయి, నిందితుడు ఆ వర్గాలవాడు కాకపోతే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం తోడవుతుంది. బిడ్డ ఏ వర్గమో తెలిసే పదేళ్లు, అంతకు మించిన శిక్ష పడే నేరం చేస్తే యావజ్జీవం తప్పదు. తండాల పిల్లల విషయంలో ఈ నిబంధన చాలా ముఖ్యమైనది.

శిశువుల అమ్మకంలో ఒకప్పుడు ఉన్న లోటును 2015 నాటి బాల న్యాయ చట్టం 81వ సెక్షన్ పూడ్చింది. ఏ కారణంతోనైనా సరే, బిడ్డను అమ్మినా కొన్నా ఐదేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల జరిమానా. ఆ పని ఆసుపత్రి సిబ్బంది చేస్తే కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్లు. ఇక్కడ దోపిడీ ఉద్దేశాన్ని రుజువు చేయనక్కర్లేదు, బేరం జరిగిందని చూపిస్తే చాలు.

నకిరేకల్ నుంచి నల్లగొండ కోర్టుకు

బిడ్డ కనబడడం లేదని ఫిర్యాదు అందగానే ఎఫ్ఐఆర్ నమోదు చేసి, అపహరణో అక్రమ రవాణానో జరిగిందన్న అనుమానంతోనే వెతకాలని సుప్రీంకోర్టు 2013లో బచ్‌పన్ బచావో ఆందోళన్ కేసులో ఆదేశించింది. నాలుగు నెలలు గడిచినా జాడ తెలియకపోతే కేసు అక్రమ రవాణా నిరోధక విభాగానికి వెళ్లాలి. సంఘటన ఏ ఊళ్లో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ‘జీరో ఎఫ్ఐఆర్’ రాయించవచ్చు. నకిరేకల్ ఠాణాలో ఇచ్చిన ఫిర్యాదు హైదరాబాద్‌కో, ముంబయికో బదిలీ కావచ్చు గాని, మా పరిధి కాదని తిప్పి పంపకూడదు.

కాపాడిన బిడ్డను ప్రయాణ సమయం పోను 24 గంటల్లోగా జిల్లా బాలల సంక్షేమ సమితి ముందుకు తీసుకురావాలి. ఆ బిడ్డ నిందితురాలు కాదు, రక్షణ అవసరమైన బిడ్డ. ఎక్కడ ఉంచాలి, ఇంటికి పంపవచ్చా లేదా అన్నది సమితి తేలుస్తుంది. అమ్మానాన్నలమంటూ వచ్చేవారిలో అమ్మినవారే ఉండవచ్చు. అందుకే ఇంటి పరిస్థితి విచారించకుండా బిడ్డను అప్పగించరాదని బొంబాయి హైకోర్టు ప్రేరణ సంస్థ వేసిన కేసులో 2002లో చెప్పింది. నిందితుల తరఫు వకీలు బాధిత పిల్లల తరఫున నిలబడడానికి వీల్లేదని కూడా అదే తీర్పు తేల్చింది. దేశమంతటా ఈ కేసుల్లో అది దారి చూపుతోంది.

బిడ్డ మాటను మొదట నమోదు చేసేది పోలీసులు. పోక్సో కేసులో వీలైనంత వరకు మహిళా ఎస్సై, యూనిఫాం లేకుండా, బిడ్డ ఉన్నచోటే ఆ పని చేయాలి. తర్వాత మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం. అరెస్టయిన వారిని రిమాండుకు పంపేదీ మేజిస్ట్రేటే. విచారణ మాత్రం నకిరేకల్ వంటి చిన్న కోర్టులో జరగదు. మైనర్ల తరలింపు సెషన్స్ కోర్టు విచారించవలసిన నేరం. పోక్సో ఉంటే జిల్లా కేంద్రంలోని ప్రత్యేక న్యాయస్థానానికి వెళ్తుంది. పదేళ్లు, అంతకు పైబడి శిక్ష పడే ఈ నేరాల్లో 90 రోజుల్లోగా చార్జిషీటు వేయకపోతే నిందితులకు బెయిలు హక్కుగా దక్కుతుంది. దళారి పట్టుబడి, అతని వెనుక ఉన్నవారు దొరకకముందే ఈ గడువు ముగిసిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

‘పిల్ల మైనరు కాదు’

కేసు నిలబడేది వయసు మీద. బాలిక పద్దెనిమిది నిండిందని తేలితే పోక్సో పోతుంది, మైనర్ల తరలింపుకు పడే కనీస శిక్ష పోతుంది. అందుకే డిఫెన్సు మొదట దెబ్బతీసేది ఇక్కడే. నకిలీ ఆధార్, తప్పుడు పుట్టిన తేదీ, పెద్దదిగా కనిపించేలా చేసిన శరీరం, అన్నీ దీనికోసమే. వయసు తేల్చే వరుసను బాల న్యాయ చట్టం 94వ సెక్షన్ నిర్ణయించింది. మొదట బడి ఇచ్చిన పుట్టిన తేదీ ధ్రువపత్రం లేదా పదో తరగతి సర్టిఫికెట్, అవి లేకపోతే పంచాయతీ, మున్సిపాలిటీ ఇచ్చిన జనన ధ్రువపత్రం, అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. ఈ పద్ధతి బాధితులకూ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2013లో జర్నైల్ సింగ్ కేసులో చెప్పింది.

ఎముకల పరీక్ష కచ్చితమైన వయసు చెప్పదు, అటూ ఇటూగా అంచనా మాత్రమే ఇస్తుంది. పుట్టుక నమోదు కాని, బడి మెట్టెక్కని తండా పిల్లకు మాత్రం తరచుగా అదొక్కటే దిక్కు. ఊళ్లో సకాలంలో రాయించిన ఒక జనన ధ్రువపత్రం, బడిలో సరిగా రాసిన ఒక పుట్టిన తేదీ పదేళ్ల తర్వాత ఒక బిడ్డకు కవచం కాగలవు.

‘ఇష్టపడే వచ్చింది’, ‘తల్లిదండ్రులే పంపారు’

ఇష్టాయిష్టాల గురించి 143వ సెక్షన్ వివరణ సూటిగా ఉంది: తరలింపు నేరాన్ని తేల్చడంలో బాధితుల సమ్మతికి విలువ లేదు. పోక్సోలో అయితే పద్దెనిమిదేళ్లలోపు వారి సమ్మతి అన్నదే లేదు. ఐక్యరాజ్యసమితి 2000లో ఆమోదించిన, భారత్ 2011లో సమ్మతి తెలిపిన పలెర్మో ఒప్పందం ఇంకో అడుగు ముందుకేసింది. పిల్లల విషయంలో బెదిరింపు, మోసం, ప్రలోభం వంటివి రుజువు కాకపోయినా, దోపిడీ కోసం తరలిస్తే చాలు అంటుంది. మన శిక్షాస్మృతి ఆ మినహాయింపును విడిగా రాయలేదు. అందువల్ల ఇక్కడ ప్రాసిక్యూషన్ ఏదో ఒక మార్గాన్ని చూపించాలి. అధికార దుర్వినియోగం, ఆశ చూపడం, బిడ్డ మీద అదుపు ఉన్న మనిషికి డబ్బు ఇవ్వడం కూడా ఆ జాబితాలో ఉన్నాయి. కాబట్టి తల్లిదండ్రులకు అడ్వాన్సు ఇచ్చామన్న మాట నిందితుడిని కాపాడదు. చాలా కేసుల్లో అదే అతని మీద సాక్ష్యమవుతుంది.

ఇక సాక్ష్యం. ప్రత్యేక న్యాయస్థానంలో విచారణ తలుపులు మూసి జరుగుతుంది. బిడ్డకు నిందితుడు కనబడకుండా తెరో, వీడియో ఏర్పాటో ఉంటుంది. వకీళ్లు నేరుగా అడగకూడదు. ప్రశ్నలు జడ్జికి ఇస్తే జడ్జి అడుగుతారు. బిడ్డను పదేపదే కోర్టుకు పిలవకూడదు. లంబాడీ మాత్రమే వచ్చిన బిడ్డకు, ఒడియానో బెంగాలీనో మాట్లాడే బిడ్డకు దుబాసీని పెట్టాలి. కోర్టు విచారణకు తీసుకున్న 30 రోజుల్లోగా బిడ్డ సాక్ష్యం నమోదు కావాలి, వీలైనంత వరకు ఏడాదిలో విచారణ ముగియాలి. పోక్సో 29వ సెక్షన్ ప్రకారం కొన్ని నేరాల్లో నిందితుడే నేరం చేశాడని కోర్టు ముందుగా అనుకుంటుంది. అయితే పునాది వాస్తవాలను ముందు ప్రాసిక్యూషనే చూపాలి.

బాధితురాలి ఒక్క మాట మీద శిక్ష వేయవచ్చా? నమ్మదగినదైతే వేయవచ్చని సుప్రీంకోర్టు 1996లోనే గుర్మీత్ సింగ్ కేసులో తేల్చింది. 2025 డిసెంబరులో బెంగళూరులో మైనరును వ్యభిచారంలోకి దించిన కేసులో మరింత స్పష్టంగా మాట్లాడింది. అక్రమ రవాణాకు గురైన బిడ్డను నేరంలో భాగస్వామిగా అనుమానించరాదు, గాయపడిన సాక్షి మాటకిచ్చే విలువ ఆమె మాటకివ్వాలి, పేద, అట్టడుగు కుటుంబం నుంచి వచ్చిన బిడ్డ నిస్సహాయతను దృష్టిలో పెట్టుకుని వాంగ్మూలంలోని చిన్నచిన్న తేడాలను చూడాలి అని చెప్పింది.

బెయిలు, జాప్యం, రాజీ

ఇన్ని రక్షణలున్నా కేసులు వీగిపోవడానికి కారణాలు దాదాపు అన్ని జిల్లాల్లో ఒకటే. బెయిలుపై వచ్చిన దళారి బాధిత కుటుంబంతో రాజీకి కూర్చుంటాడు. పొరుగు రాష్ట్రపు బిడ్డ ఊరికి వెళ్లిపోయాక సమన్లు అందవు. ఏళ్లు గడిచి పెళ్లయిన యువతి పాత గాయాన్ని విప్పడానికి ఇష్టపడదు. సాక్షి ఎదురు తిరుగుతాడు. పనిలో పెట్టుకున్న యజమానిపై చిన్న జరిమానాతో పోయే బాలకార్మిక చట్టం కేసు మాత్రమే పెట్టి, తరలింపు సెక్షన్ వదిలేస్తే నేరం సగం ధరకే తీరిపోతుంది. ముందస్తు నిర్బంధ చట్టం కింద దళారిని ఏడాది దాకా లోపల ఉంచవచ్చు గాని, అది తీర్పు కాదు, శిక్ష అంతకంటే కాదు.

ఈ జాప్యంపైనే 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కన్నెర్రజేసింది. ఉత్తరప్రదేశ్‌లో శిశువుల అపహరణ ముఠాకు దక్కిన బెయిళ్లను జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ మహాదేవన్ ధర్మాసనం రద్దు చేసింది. దేశంలోని హైకోర్టులన్నీ పెండింగులో ఉన్న బాలల అక్రమ రవాణా కేసుల వివరాలు తెప్పించుకుని, ఆరు నెలల్లో విచారణ ముగిసేలా కింది కోర్టులకు ఆదేశాలివ్వాలని చెప్పింది. ఆసుపత్రి నుంచి శిశువు మాయమైతే ముందు ఆ ఆసుపత్రి లైసెన్సు సస్పెండ్ చేయాలని కూడా ఆ తీర్పులో ఉంది.

శిక్ష తర్వాత బిడ్డ

తీర్పులో శిక్ష ఒక సగం. బిడ్డకు ఇచ్చే ఊరట మరో సగం. పోక్సో ప్రత్యేక న్యాయస్థానం కేసు నడుస్తుండగానే మధ్యంతర పరిహారం ఇప్పించవచ్చు. దాన్ని అందించేది జిల్లా న్యాయసేవాధికార సంస్థ. జాతీయ న్యాయసేవల సంస్థ 2018 పథకం అత్యాచార బాధితులకు నాలుగు నుంచి ఏడు లక్షల రూపాయల పరిహారం సూచిస్తే, మైనర్లకు అంతకు సగం ఎక్కువ ఇవ్వాలంది. నిందితుడు దొరకకపోయినా, కేసు కొట్టేసినా పరిహారం అడిగే హక్కు పోదు. వెట్టి నుంచి విడుదలైన బిడ్డకు రెవెన్యూ అధికారి విడుదల పత్రం ఇవ్వాలి. ఆ పత్రం ఉంటే కేంద్ర పథకం కింద రెండు లక్షలు, వ్యభిచార గృహం వంటి తీవ్ర దోపిడీ నుంచి బయటపడితే మూడు లక్షల దాకా పునరావాస సాయం వస్తుంది. బిడ్డ పేరు, ఫొటో, ఊరు, బడి ఏదీ ప్రచురించడానికి వీల్లేదు.

కొన్నిసార్లు నేరానికి శిక్ష, బిడ్డ మేలు వేర్వేరు దారుల్లో నడుస్తాయి. 2024 మేలో రాచకొండ పోలీసులు శిశువుల అమ్మకం ముఠాను పట్టుకున్నప్పుడు, ఆ పిల్లలను అప్పటికే సొంతబిడ్డల్లా పెంచుకుంటున్న దంపతుల నుంచి తీసుకుని శిశుగృహాలకు పంపారు. వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. నలుగురు పిల్లలను వారిని పెంచుకున్న దంపతులకే తిరిగి అప్పగించమని 2025 ఆగస్టులో కోర్టు ఆదేశించింది. బిడ్డలను అమ్మినవారిపై కేసు అలాగే ఉంటుంది. బేరం చేసినవారికి చట్టం చెప్పిన శిక్ష పడాలి. బేరం పాలైన బిడ్డకు మాత్రం తీర్పు తర్వాత కూడా ఒక ఇల్లు, ఒక బడి, ఒక పేరు మిగలాలి. ఈ రెండూ చూసుకోవలసిన బాధ్యతను చట్టం న్యాయస్థానం మీదే పెట్టింది. వాటికి మొదటి మెట్టు మాత్రం ఊళ్లోనే ఉంది. బిడ్డ జాడ తప్పిందని అనుమానం రాగానే 1098కి లేదా 112కి చేసిన ఒక ఫోను, ఠాణాలో రాయించిన ఒక ఎఫ్ఐఆర్.